సల్ఫర్ రీడింగ్ నుంచి సూర్యుడి కరోనా దాకా

గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫౌండ్రీ ల్యాబులో ఏడాదిన్నరగా స్పార్క్ మిషన్ (లోహాన్ని మెరుపుతో కాల్చి, వచ్చే వెలుతురును బట్టి అందులో ఏమేముందో చెప్పేది) మీద పనిచేస్తున్న అమ్మాయి అడిగిన ప్రశ్నలు ఇవి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివారు. వాన పడిన రోజుల్లో ఒకే కంట్రోల్ శాంపిల్‌కి (కూర్పు ముందే తెలిసిన ముక్కకి) సల్ఫర్, ఫాస్ఫరస్ తక్కువ చూపిస్తున్నాయి, మాంగనీస్ మాత్రం కదలడం లేదు, ఎందుకు అన్నది మొదటిది. వాక్యూమ్ అల్ట్రావయొలెట్ వెలుతురుతో ఫ్యూజన్ ప్లాస్మాలను, అంటే కేంద్రకాలను కలపడానికి వేడెక్కించిన అయాన్ల వాయువును, పరిశీలిస్తారట, అక్కడ లోహాల వర్ణపటాలతో ఏం పని అన్నది రెండోది. ఈ ల్యాబు అనుభవం పీహెచ్‌డీకి పనికొస్తుందా, లేక ఏడాదిన్నర వృథా అయినట్టేనా అన్నది మూడోది.

అమ్మా, మీ మొదటి ప్రశ్న విప్పుకుంటూ పోతే మిగతా రెండూ వాటంతట అవే విడిపోతాయి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను. నేను ముప్పై ఏళ్లకు పైగా వాక్యూమ్ స్పెక్ట్రోగ్రాఫుల మీద, అంటే గాలి లేని చోట వెలుతురును విడదీసి ఫొటో తీసే పరికరాల మీద పనిచేశాను. మొదటి పదేళ్లు ఈ ఊళ్లోనే. ఇక్కడి సముద్రపు గాలి ఈ పనిని ఎంత ఇబ్బంది పెడుతుందో బాగా తెలుసు.

ఒక్కో మూలకం తనకే సొంతమైన తరంగదైర్ఘ్యాల దగ్గర వెలుగుతుంది, దాన్నే గీత అంటాం. మీ మిషన్ కార్బన్‌ని 193.09 నానోమీటర్ల దగ్గర, సల్ఫర్‌ని 180.73 దగ్గర, ఫాస్ఫరస్‌ని 178.28 దగ్గర చూస్తుంది. నైట్రోజన్ కూడా కొలిచే మోడల్ అయితే దాని గీత 149.26. మాంగనీస్‌ది 293 దగ్గర. మీరు చూసిన తేడా అంతా ఈ అంకెల్లోనే ఉంది. 200 కంటే పొట్టి తరంగాలను గాలిలోని ఆక్సిజన్ మింగేస్తుంది. 190 దగ్గర కొద్దికొద్దిగా మొదలవుతుంది. 145 దగ్గరికి వచ్చేసరికి మామూలు గాలిలో ఒక్క మిల్లీమీటరు దూరం కూడా ఆ వెలుతురు నిలవదు. 185 కిందికి దిగితే నీటి ఆవిరి కూడా అదే పని చేస్తుంది. అందుకే 200 నుంచి సుమారు 10 నానోమీటర్ల దాకా ఉన్న ప్రాంతాన్ని వాక్యూమ్ అల్ట్రావయొలెట్ అంటున్నాం. దాన్ని చూడాలంటే దారిలో గాలి ఉండకూడదు, పేరుకు అర్థం అంతే. మీ మిషన్‌లో గాలిని పంపుతో లాగేస్తూ ఉండొచ్చు, లేదా దారి నిండా ఆర్గాన్ నింపి ఉండొచ్చు. ఆర్గాన్ ఈ గీతల జోలికి పోదు.

కాబట్టి వానరోజు మీ శాంపిల్‌లో సల్ఫర్ తగ్గలేదు. దారిలో ఎక్కడో తేమ చేరింది. ఎక్కడ చేరిందో కనుక్కోవడానికి శాతాలు చూడకండి, ముడి ఇంటెన్సిటీలు, అంటే ఒక్కో గీత అసలు వెలుతురు బలాలు తెరవండి. మిషన్ చూపించే శాతం పక్కనున్న ఒక ఇనుము గీతతో భాగించి తీసిన నిష్పత్తి. ఆ ఇనుము గీత కూడా పొట్టి తరంగమే అయితే రెండూ కలిసి పడిపోయి, జబ్బు సగం దాక్కుంటుంది. ఎండరోజు, వానరోజు ఒకే కంట్రోల్ శాంపిల్‌ని పది బర్న్‌లు (ఒక్కసారి స్పార్క్‌తో కాల్చడం ఒక బర్న్) కొట్టి, నైట్రోజన్, ఫాస్ఫరస్, సల్ఫర్, కార్బన్, మాంగనీస్ ఇంటెన్సిటీలను పక్కపక్కన రాయండి. మాంగనీస్ నుంచి ఫాస్ఫరస్ దాకా తరంగం పొట్టిదయ్యే కొద్దీ నష్టం పెరుగుతూ పోతే, ఆప్టిక్స్ ఉన్న గదిలోనో దాని ముందున్న కిటికీ మీదో తేడా ఉన్నట్టు. అన్నీ ఎగుడుదిగుడుగా, ఒక బర్న్‌కి ఒకలా ఒక బర్న్‌కి ఒకలా వస్తే, తేడా శాంపిల్‌ని పెట్టి కాల్చే స్పార్క్ స్టాండ్‌లో ఉన్నట్టు.

స్టాండ్ సంగతి చెప్పడానికి మీ కళ్లే చాలు. బర్న్ మచ్చను భూతద్దం కింద పెట్టి చూడండి. బర్న్ బాగుంటే మధ్యలో కరిగి గడ్డకట్టిన బూడిదరంగు గుంట, దాని చుట్టూ నల్లటి గుండ్రటి అంచు, కాటుక చుక్క చుట్టూ చెదిరినట్టు కనిపిస్తుంది. ఆర్గాన్‌లో గాలో తేమో కలిస్తే ఆ నల్ల అంచు ఉండదు. తెల్లగా, వెండి పొడి చల్లినట్టు పైపైన మాత్రమే కాలి ఉంటుంది. లోతు ఉండదు. అలాంటి మచ్చ నుంచి వచ్చిన అంకెను నమ్మకండి, కొట్టేయండి.

ఇంకొకటి. సిలిండర్ నుంచి మిషన్ దాకా ఆర్గాన్ ఏ గొట్టంలో వస్తోంది? మెత్తటి ప్లాస్టిక్ ట్యూబు అయితే ముందు దాన్ని తీసేయమని అడగండి. లోపల ప్రెషర్ ఉంది కదా, బయటి తేమ ఎలా వస్తుందని వాదిస్తారు. కానీ నీటి ఆవిరి ప్లాస్టిక్ గోడ గుండా మెల్లగా లోపలికి ఇంకుతుంది. లోపల ఆర్గాన్ ప్రెషర్ ఎంతున్నా నీటి ఆవిరి మటుకు బయటే ఎక్కువ. ఐదు నైన్ల (99.999 శాతం) స్వచ్ఛత గల ఆర్గాన్ కొని, పది మీటర్ల ప్లాస్టిక్ ట్యూబులో తీసుకొస్తే డబ్బు వృథా. రాగి గొట్టం గానీ స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం గానీ వేయించండి. సిలిండర్ మార్చినప్పుడు గొట్టంలో చొరబడిన గాలి పోయేదాకా కాసేపు వదిలాకే కంట్రోల్ శాంపిల్ కొట్టండి.

ఈ ఊరి తేమ ఎంతటిదో చెబుతాను. మా స్పెక్ట్రోగ్రాఫ్‌కి వెనక ఒక రోటరీ పంపు ఉండేది. జూలై నెలలో ఛాంబర్ తెరిచి మూసి పంపు వేస్తే, మర్నాటికి పంపు అద్దంలోంచి కనిపించే నూనె తేనెరంగు పోయి మజ్జిగలా తెల్లబడేది. ఛాంబర్ గోడలకు అంటుకున్న నీరంతా ఆవిరై వచ్చి పంపులో మళ్లీ నీరై నూనెలో కలిసేది. అలాంటి నూనెతో పంపు మంచి వాక్యూమ్ ఇవ్వలేదు. పంపులోకి కొద్దిగా గాలి వదిలే గ్యాస్ బాలస్ట్ వాల్వు తెరిచి గంటసేపు నడిపితే మెల్లగా రంగు తేరుకునేది. తర్వాత నేర్చుకున్నాం. ఛాంబర్‌ని మామూలు గాలితో కాకుండా పొడి నైట్రోజన్‌తో నింపి తెరవాలి. ఫొటో ప్లేటు మార్చే పని ఐదు నిమిషాల్లో ముగించి మూసేయాలి. ఆ ఐదు నిమిషాల్లో ఫ్యాన్ కూడా వేయనిచ్చేవాళ్లు కాదు మా గురువుగారు.

నీటి ఆవిరి గురించి ఒక విచిత్రం. హైడ్రోజన్ ముఖ్యమైన గీత 121.57 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. చుట్టుపక్కల తరంగాలన్నింటినీ మింగే ఆక్సిజన్, సరిగ్గా అక్కడ మాత్రం ఒక సన్నటి సందు వదిలిపెడుతుంది. సూర్యుడి నుంచి వచ్చే ఆ గీత ఆ సందులోంచే వాతావరణంలో లోతుగా దిగి అయనోస్ఫియర్ కింది పొరను తయారు చేస్తుంది. నీటి ఆవిరి మాత్రం ఆ సందు ఇవ్వదు. కాబట్టి విశాఖలో ఈ పని చేసేవాళ్లకు ఆక్సిజన్ కంటే నీరే పెద్ద శత్రువు అని నా అభిప్రాయం.

ఈ దారి తెరిచింది విక్టర్ షూమాన్ అనే జర్మన్. 1893 నాటికి ఆయన స్పెక్ట్రోగ్రాఫ్ మొత్తాన్ని వాక్యూమ్‌లో పెట్టాడు. గాజు, క్వార్ట్జ్ అడ్డుపడుతున్నాయని ఫ్లోరైట్ పట్టకం వాడాడు. ఫొటో ప్లేటులోని జిలటిన్ కూడా ఆ వెలుతురును మింగుతోందని గమనించి, జిలటిన్ దాదాపు లేని ప్లేట్లు తనే తయారు చేసుకున్నాడు. ఒక్కో అడ్డంకినీ పట్టుకుని, దాన్ని తీసేసి, ముందుకు ఒక అడుగు వేశాడు. మీరు వానరోజు సల్ఫర్ కోసం చేయబోయేది కూడా ఇదే. తర్వాత హార్వర్డ్‌లో థియోడర్ లైమన్ 1906లో హైడ్రోజన్ గీతలను అక్కడ కొలిచాడు. 121.57 గీతను లైమన్ ఆల్ఫా అంటున్నది అందుకే.

ఇప్పుడు రెండో ప్రశ్న. వేడి ప్లాస్మాకీ లోహాల వర్ణపటాలకీ ఏం సంబంధం?

ముందు ఒక లెక్క మనసులో పెట్టుకోండి. 1240ని నానోమీటర్లతో భాగిస్తే ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి. 500 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుతురు 2.5 ఎలక్ట్రాన్ వోల్టులు. 124 దగ్గర 10. 12.4 దగ్గర 100. పరమాణువు నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ ఊడే కొద్దీ మిగిలినవాటి మీద కేంద్రకం పట్టు బిగుస్తుంది. అవి పై శక్తి మెట్టు నుంచి కింది మెట్టుకు దిగినప్పుడు వచ్చే వెలుతురు మరింత బలంగా, అంటే మరింత పొట్టి తరంగంగా వస్తుంది.

దీన్ని కళ్లకు కట్టే వరుస ఒకటి ఉంది. లిథియం ఉప్పును బర్నర్ మంటలో పెడితే వచ్చే ఎర్రటి రంగు మీరు డిగ్రీ ల్యాబులో చూసే ఉంటారు. అది 670.8 నానోమీటర్ల గీత. లిథియంలో మూడు ఎలక్ట్రాన్లు, బయట ఒక్కటే. ఇప్పుడు బెరీలియం నుంచి ఒక ఎలక్ట్రాన్ తీసేయండి. మళ్లీ మూడే మిగిలాయి, అదే గంతు, కానీ గీత 313.0కి వచ్చేస్తుంది. బోరాన్ నుంచి రెండు తీస్తే 206.6. కార్బన్ నుంచి మూడు తీస్తే 154.8. నైట్రోజన్ నుంచి నాలుగు తీస్తే 123.9. ఆక్సిజన్ నుంచి ఐదు తీస్తే 103.2. మంటలో ఎర్రగా కనిపించిన అదే గంతు, ఆక్సిజన్‌కి వచ్చేసరికి వాక్యూమ్ అల్ట్రావయొలెట్‌లో చాలా లోపలికి పోయింది. మా వాడుకలో ఆ ఆక్సిజన్‌ని ఆక్సిజన్ సిక్స్ అంటాం. ఏమీ ఊడని పరమాణువు వన్, కాబట్టి సిక్స్ అంటే ఐదు ఊడినట్టు. మొదట్లో అందరూ ఇక్కడ తడబడతారు.

లక్షల డిగ్రీల ప్లాస్మాలో ఒక లోహం పది పదిహేను ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఉంటుంది. అలాంటి అయాన్ల బలమైన గీతలన్నీ కంటికి కనిపించే చోట ఉండవు. ఆ ప్లాస్మా ఏం చెబుతోందో వినాలంటే వాక్యూమ్ అల్ట్రావయొలెట్‌కీ, దాని దిగువన ఎక్స్‌రే అంచుకీ పోక తప్పదు. అక్కడ ఒక గీత కనిపిస్తే అది ఎవరిదో గుర్తుపట్టాలి. ముందే ఎవరో ఆ లోహాన్ని ల్యాబులో, వాక్యూమ్‌లో, స్పార్క్‌తో వెలిగించి, వందల గీతలు కొలిచి, ఏది ఏ అయాన్‌దో విడదీసి పట్టిక రాసిపెట్టి ఉంటేనే అది సాధ్యం. ప్లాస్మా వాళ్లు ఎంత పెద్ద యంత్రం కట్టినా ఆ పట్టిక లేకపోతే వాళ్ల ముందున్నది ఊరూ పేరూ లేని గీతల గుంపే.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ మన తెలుగు నేల మీదుగానే పోతుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో కూర్చుని సూర్యుడి అంచున లేచిన జ్వాలల వర్ణపటం చూశాడు. ఆ గ్రహణంలో బయటపడిన పసుపు గీతే హీలియం కథకు మొదలు. ఆ మరుసటి ఏడాది అమెరికాలో కనిపించిన గ్రహణంలో యంగ్, హార్క్‌నెస్ అనే ఇద్దరు సూర్యుడి కరోనాలో, అంటే చుట్టూ ఉండే పలచటి వాయు పొరలో, ఒక ఆకుపచ్చ గీత చూశారు. 530.3 నానోమీటర్లు. భూమ్మీద ఏ మూలకానికీ అది సరిపోలేదు. కొత్త మూలకమని దానికి కరోనియం అని పేరు కూడా పెట్టేశారు. హీలియం విషయంలో నిజమైంది కదా, ఇదీ అలాంటిదే అనుకున్నారు. డెబ్బై ఏళ్లు ఆ చిక్కు అలాగే ఉండిపోయింది.

చిక్కు విడిపోయింది టెలిస్కోపు దగ్గర కాదు, స్వీడన్‌లోని ఒక వాక్యూమ్ స్పెక్ట్రోగ్రాఫ్ దగ్గర. బెంగ్ట్ ఎడ్లెన్ అనే ఆయన 1930ల్లో ఇనుమును వాక్యూమ్ స్పార్క్‌లో పెట్టి, తొమ్మిది, పది ఎలక్ట్రాన్లు ఊడిన అయాన్ల గీతలను ఓపిగ్గా కొలుస్తున్నాడు. ఆ గీతల తేడాల నుంచి ఆ అయాన్ల అడుగు మెట్లు రెండింటి మధ్య ఎంత దూరమో తేలింది. 1939లో వాల్టర్ గ్రోట్రియన్ ఆ దూరాలు చూసి, కరోనాలోని 637.4 ఎర్ర గీతకు ఐరన్ టెన్ సరిగ్గా సరిపోతోందని గమనించాడు. ఆ దారి పట్టుకుని ఎడ్లెన్ వరుసలన్నీ ముందుకు పొడిగించి లెక్కకట్టాడు. ఆకుపచ్చ గీత ఐరన్ ఫోర్టీన్‌ది అని తేల్చాడు. పదమూడు ఎలక్ట్రాన్లు ఊడిన మామూలు ఇనుము. ఆ పదమూడోది ఊడాలంటేనే 361 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అంటే సూర్యుడి ఉపరితలం ఆరువేల డిగ్రీల లోపే ఉన్నా, చుట్టూ ఉన్న కరోనా సుమారు 20 లక్షల డిగ్రీలు ఉండాలి. మీ ల్యాబులో రోజూ కాల్చే ఇనుమే సూర్యుడి చుట్టూ థర్మామీటరై కూర్చుంది. ఈ కథ నేను ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో లెక్కలేదు, చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య ఎల్‌వన్‌లోని కరోనాగ్రాఫ్ చూసే గీతల్లో ఈ 530.3 కూడా ఉంది.

ఆదిత్య పేరుతోనే మనకు ఇంకో యంత్రం ఉంది. గాంధీనగర్ ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989 నుంచి నడిచిన ఆదిత్య టోకమాక్, అంటే ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే యంత్రం. ఇప్పుడు దాన్ని పెంచి ఆదిత్య యూ చేశారు. అందులో ప్లాస్మా వేడి కొన్ని వందల ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటుంది. ఒక ఎలక్ట్రాన్ వోల్టు అంటే సుమారు 11,600 డిగ్రీలు. అలాంటి ప్లాస్మాను ఉల్లిపాయలా ఊహించుకోండి. బయటి పొరలో కార్బన్ త్రీ, 97.7 దగ్గర వెలుగుతుంది. దాని లోపల ఆక్సిజన్ సిక్స్, 103.2 దగ్గర. ఇంకా లోపలికి పోతే ఆక్సిజన్‌లో దాదాపు ఎలక్ట్రాన్లు మిగలవు, అది వెలగదు. అక్కడ మాట్లాడగలిగేవి ఇంకా ఎలక్ట్రాన్లు దాచుకున్న లోహాలే. గోడల నుంచి ఊడి వచ్చిన ఇనుము ఐరన్ ఫిఫ్టీన్‌గా 28.4 దగ్గర, ఐరన్ సిక్స్‌టీన్‌గా 33.5 దగ్గర గీతలు ఇస్తుంది. ఏ పొరలో ఏ అయాన్ వెలిగిందో చూస్తే ఆ పొర ఎంత వేడిగా ఉందో తెలుస్తుంది.

అయితే ఆ లోహం ఊరికే కూర్చోదు. అది వెలిగిన ప్రతిసారీ ప్లాస్మాలోని శక్తి వెలుతురుగా బయటికి పోతుంది. బరువైన లోహం అయితే మరీ ప్రమాదం. ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ ఫ్యూజన్ యంత్రంలో లోపలి గోడకు బెరీలియం బదులు టంగ్‌స్టన్ వాడాలని 2023లో ప్రతిపాదించారు. టంగ్‌స్టన్‌కి వేడి తట్టుకునే శక్తి ఎక్కువ. కానీ ప్లాస్మా మధ్యలోకి లక్షకు కొన్ని అయాన్ల కంటే ఎక్కువ చేరితే అది మంటను ఆర్పేసే పరిస్థితి తెస్తుంది. ఎంత చేరిందో చెప్పేది దాని వర్ణపటమే. 5 నానోమీటర్ల దగ్గర టంగ్‌స్టన్ అయాన్లు వేల గీతలను ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక గుట్టలా కనిపిస్తాయి. ఆ గుట్టను విడదీయడం ఇప్పటికీ ఈ రంగంలో చేతినిండా పని ఉన్న చోటు. మీలాంటివాళ్లు కావలసింది అక్కడే.

గీత ఎక్కడుందో అన్నది ఒక్కటే సమాచారం కాదు, ఎంత వెడల్పుందో కూడా చూడాలి. వేడికి అయాన్లు అటూ ఇటూ పరుగెడుతుంటాయి కాబట్టి గీత డాప్లర్ వల్ల వెడల్పవుతుంది. కాగితం మీద ఒకసారి చేసి చూడండి. ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉష్ణోగ్రతను పరమాణు భారంతో భాగించి, వర్గమూలం తీసి, తరంగదైర్ఘ్యంతోనూ 0.000077తోనూ గుణించండి. 100 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఆక్సిజన్ సిక్స్ 103.2 గీతకు 0.02 నానోమీటర్లు వస్తుంది. మేం వాడిన లాంటి 3 మీటర్ల గ్రేటింగ్ (సన్నటి గీతలు గీసి ఉండి, వెలుతురును తరంగాల వారీగా విడదీసే అద్దం), మిల్లీమీటరుకు 2400 గీతలది అయితే, ప్లేటు మీద ఒక మిల్లీమీటరుకు 0.139 నానోమీటర్లు. అంటే ఆ వెడల్పు ప్లేటు మీద 0.14 మిల్లీమీటర్లు. కంటితోనే గుర్తించేంత.

ఇక పని ఎలా ఉంటుందో దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే మీ మూడో ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. రెండు లోహపు కడ్డీలు, మధ్యలో సన్నటి సందు, అంతా వాక్యూమ్‌లో. బయట కెపాసిటర్‌లో కొన్ని వేల వోల్టులు. వదలగానే చిటపటమని నీలి మెరుపు. వందల మెరుపులు ఒకే ప్లేటు మీద పడాలి. ఛాంబర్ దగ్గరికి పోయే ముందు ప్రతిసారీ ఎర్త్ రాడ్ పెట్టి కెపాసిటర్‌ని ఖాళీ చేయాలి. స్విచ్ తీసేశాం కదా అని చెయ్యి పెట్టకూడదు. సర్క్యూట్‌లో తీగచుట్టలు కలుపుతూ పోతే కరెంటు పదును తగ్గుతుంది. ఎక్కువ ఎలక్ట్రాన్లు ఊడిన అయాన్ల గీతలు ముందు పలచబడి మాయమవుతాయి, తక్కువ ఊడినవి నిలుస్తాయి. ఒకే ప్లేటు మీద ఒకదాని కింద ఒకటి ఇలా నాలుగు ఎక్స్‌పోజర్లు తీసి, ఏ గీత ఎక్కడ పోయిందో చూసి, ఇది త్రీ, ఇది ఫోర్, ఇది ఫైవ్ అని వేరు చేసేవాళ్లం. ప్లేట్లు మహా సున్నితం. జిలటిన్ లేకపోవడంతో వేలి కొన తగిలితే చాలు, డెవలప్ చేశాక అక్కడ నల్లటి మరక.

నేను రాగి అయాన్ల మీద పనిచేస్తున్న రోజుల్లో ప్రతి ప్లేటు మీదా రెండు గీతలు బలంగా వచ్చేవి. 154.82, 155.08. మొదటిది రెండోదానికి రెట్టింపు బలం. పట్టికల్లో రాగికి అక్కడ ఏమీ లేదు. కొత్తవి దొరికాయని సంబరపడి, వాటిని రాగి శక్తి మెట్లలో ఎక్కడ ఇరికించాలా అని రెండు నెలలు లెక్కలు వేశాను. ఏ మెట్టూ కుదరలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, సబ్మిషన్ టెన్షన్ ఒకటి. మా గురువుగారు ఒక సాయంత్రం వచ్చి ప్లేటు చూసి, రాగి తీసేసి అల్యూమినియం పెట్టి కొట్టమన్నారు. కొట్టాను. రాగి గీతలన్నీ పోయాయి, ఆ రెండూ అక్కడే ఉన్నాయి. కార్బన్ ఫోర్. పైన లిథియం వరుసలో చెప్పానే, ఆ 154.8 ఇదే. రోటరీ పంపు నూనె ఆవిరి వెనక్కి వచ్చి కడ్డీల మీద పొరలా కూర్చుంది, స్పార్క్ దాన్ని కాల్చింది. నాకు బాధ కలిగినా ఆయన వదల్లేదు. ఆ రెండు గీతల తరంగదైర్ఘ్యం ప్రపంచంలో అందరికీ కచ్చితంగా తెలుసు కదా, రాగి గీతలను కొలవడానికి వాటినే స్కేలుగా వాడుకో అన్నారు. అప్పటి నుంచి ప్రతి ప్లేటు మీదా కార్బన్, ఆక్సిజన్, అల్యూమినియం, సిలికాన్ మలినాల గీతలను ముందు వెతికి, వాటి మధ్య నా లోహాన్ని కొలిచాను.

వాల్తేరులో ఈ విద్యకు పునాది వేసినవాళ్లలో ఆచార్య కొచ్చెర్లకోట రంగధామరావు గారిని తప్పక తలుచుకోవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్పెక్ట్రోస్కోపీ ల్యాబులు ఆయన చేతుల మీదుగా పెరిగాయి.

పరికరాల గురించి కొద్దిగా. క్వార్ట్జ్ కిటికీ 160 దాకా, కాల్షియం ఫ్లోరైడ్ 125 దాకా, మెగ్నీషియం ఫ్లోరైడ్ 115 దాకా, లిథియం ఫ్లోరైడ్ 105 దాకా వెలుతురును వదులుతాయి. లిథియం ఫ్లోరైడ్‌ని మన తేమలో బయట ఉంచితే మసకబారుతుంది, డెసికేటర్‌లోంచి తీయొద్దు. 105 కింద కిటికీ అన్నదే ఉండదు. ప్లాస్మాకీ స్పెక్ట్రోమీటరుకీ మధ్య సన్నటి చీలిక మాత్రం పెట్టి, రెండు వైపులా వేరువేరుగా పంపులు నడపాలి. 30 కిందికి పోతే అద్దం ఎదురుగా పడిన వెలుతురును తిప్పికొట్టదు. చెరువులో చిల్లపెంకును నిలువుగా వేస్తే మునుగుతుంది, ఏటవాలుగా విసిరితే కప్పగంతులు వేస్తూ పోతుంది కదా, అలాగే అక్కడ గ్రేటింగ్‌ని వెలుతురు రాసుకుంటూ పోయేలా వాలుగా పెట్టాలి. ప్లేట్ల కాలం పోయింది. ఇప్పుడు మైక్రోఛానెల్ ప్లేట్లు, వెనక నుంచి పలచన చేసిన సీసీడీలు అనే ఎలక్ట్రానిక్ డిటెక్టర్లు వాడుతున్నారు. పాత పద్ధతి ఒకటి మాత్రం నేర్చుకుని ఉంచుకోండి. సోడియం సాలిసిలేట్‌ని మిథనాల్‌లో కలిపి గాజు మీద పలచగా స్ప్రే చేసి ఆరబెడితే, కంటికి కనిపించని ఈ వెలుతురు పడగానే అది ఊదా నీలంగా మెరుస్తుంది. ఆ మెరుపు మామూలు ఫొటోమల్టిప్లయర్‌కి కనిపిస్తుంది. ఖర్చు వందల్లోనే.

మీ ఏడాదిన్నర వృథా కాలేదు. గ్యాస్ స్వచ్ఛత, కిటికీ మసక, కంట్రోల్ శాంపిల్, రోజురోజుకూ జరిగే డ్రిఫ్ట్, ఇవి మీ చేతికి వచ్చేశాయి. పుస్తకం మీద మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు ఇవి నేర్పడానికే నాకు ఒక్కొక్కరితో ఏడాది పట్టేది. మీకు తక్కువైంది పరమాణు నిర్మాణం. టర్మ్ సింబల్స్, సెలెక్షన్ రూల్స్, ఐసోఎలక్ట్రానిక్ వరుసలు (ఒకే సంఖ్యలో ఎలక్ట్రాన్లు మిగిలినవాటి వరుసలు) మళ్లీ చదవండి. పైన ఇచ్చిన లిథియం వరుసను గ్రాఫు గీసి, ఫ్లోరిన్ సెవెన్ గీత ఎక్కడ రావాలో మీరే అంచనా వేసి, తర్వాత అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ ఉచిత డేటాబేస్‌లో సరిచూసుకోండి. ఎడ్లెన్ చేసిన పనిలో మొదటి పాఠం అదే. లోహ అయాన్ల వర్ణపటాల విశ్లేషణే మీకు నచ్చితే అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో ఆ పని చేసే వర్గం ఉంది. ప్లాస్మా నచ్చితే గాంధీనగర్. సింక్రోట్రాన్ వెలుతురు (వలయంలో వేగంగా తిరిగే ఎలక్ట్రాన్లు ఇచ్చేది) నచ్చితే ఇందౌర్‌లో 450 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ఇండస్ వన్ ఉంది, 1999 నుంచి సరిగ్గా ఈ ప్రాంతపు వెలుతురు ఇస్తోంది. ఇంటర్వ్యూలో వానరోజు సల్ఫర్ సంగతి మీ డేటాతో సహా చెప్పండి. నేను ఆ కుర్చీలో కూర్చున్న రోజుల్లో ఇలాంటి మాట చెప్పిన విద్యార్థిని ఇంకో ప్రశ్న అడగకుండా తీసుకునేవాణ్ణి.

ఈ వారం ఎలాగూ అల్పపీడనం అంటున్నారు కాబట్టి అవకాశం పోనివ్వకండి. ఎండ ఉన్న రోజు పది బర్న్‌లు, ముసురు పట్టిన రోజు పది బర్న్‌లు, ముడి ఇంటెన్సిటీలు, రెండు మచ్చల ఫొటోలు, గదిలో తేమ శాతం, సిలిండర్ మార్చిన రోజు, గొట్టం ఏ రకమో, ఇవన్నీ ఇక్కడే రాయండి. సల్ఫర్ కంటే ఫాస్ఫరస్ ఇంటెన్సిటీ ఎక్కువ పడిందా లేదా అన్నది ముందు చెప్పండి, మిగతాది అక్కడి నుంచి చూద్దాం.